అమెరికా పబ్లిక్ స్కూల్ క్యాలెండర్‌లో దీపావళికి సెలవు తెచ్చుకోవడం ఎలా?

2022లో దీపావళి సోమవారం వచ్చింది. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. ఆ రోజు స్కూల్ మాన్పించి, అటెండెన్స్ ఆఫీసుకి "ఒంట్లో బాగోలేదు" అని మెయిల్ పెట్టాను. మా ఇంట్లో అందరం ఏళ్లుగా చేస్తున్న పనే అది. సాయంత్రం పట్టు పరికిణీ కట్టుకుని ప్రమిదల్లో నూనె పోస్తూ తను అడిగింది: "నాకు జ్వరం లేదు కదా నాన్నా, రేపు టీచర్ అడిగితే ఏం చెప్పాలి?"

జవాబు చెప్పలేకపోయాను. పండగ పూట పిల్ల చేత అబద్ధం ఆడించడం ఒక బాధ. ఆ అబద్ధం వల్ల పెద్ద నష్టమే జరుగుతోందని తర్వాత తెలిసింది. స్కూల్ రికార్డులో ఆ రోజు దీపావళికి ఎవరూ మానలేదు, నలభై మందికి జ్వరం వచ్చిందంతే. సెలవు కావాలని అడగడానికి వెళ్తే, క్యాలెండర్ ఆమోదించే స్కూల్ బోర్డు చూసేది ఆ రికార్డునే.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి లీవ్ లెటర్‌తో మొదలవుతుంది. పిటిషన్‌తో కాదు, సంతకాల సేకరణతో కాదు.

1. ముందు ఆ ఒక్క రోజు సెలవు హక్కుగా తీసుకోండి

క్యాలెండర్‌లో దీపావళి లేకపోయినా, మతపరమైన పండగకి పిల్లని మాన్పించే హక్కు చాలా రాష్ట్రాల్లో చట్టంలోనే ఉంది. టెక్సస్ విద్యా చట్టం ప్రకారం పండగ రోజు మానితే స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతం స్కూళ్లని నడిపే సంస్థ, దాన్ని ఎక్స్‌క్యూజ్డ్ ఆబ్సెన్స్‌గా (తగిన కారణం ఉన్న గైర్హాజరుగా) ఒప్పుకుని తీరాలి. మిస్సయిన వర్క్ పూర్తి చేయడానికి తగిన టైమ్ ఇవ్వాలి. పండగ చేసుకునే చోటికి ప్రయాణం ఉంటే వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు కూడా అందులో కలుస్తాయి. న్యూజెర్సీలో స్టేట్ బోర్డు ఆఫ్ ఎడ్యుకేషన్ మతపరమైన సెలవుల జాబితా ప్రకటిస్తుంది, అందులో దీపావళి ఉంది. ఆ జాబితాలో ఉన్న రోజు మానితే అవార్డులకి అర్హత పోకూడదు, ఆ రోజు పెట్టిన పరీక్ష మళ్లీ రాసే అవకాశం ఇవ్వాలి. మీ రాష్ట్రంలో ఎలా ఉందో డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అటెండెన్స్ పాలసీ తెరిచి చదవండి. పది నిమిషాల పని.

లెటర్ నాలుగు వాక్యాలు చాలు. పిల్ల పేరు, గ్రేడ్, టీచర్ పేరు. ఏ తేదీన రాదు. కారణం "రిలిజియస్ అబ్జర్వెన్స్, దీపావళి". ఆ రోజు క్విజ్ గానీ, ఇవ్వాల్సిన వర్క్ గానీ ఉంటే ఎప్పుడు పూర్తి చేయాలో చెప్పమని ఒక ప్రశ్న. "దయచేసి అనుమతించగలరు" అని ప్రాధేయపడక్కర్లేదు, తెలియజేస్తున్నాం అంటే సరిపోతుంది. పండగకి వారం ముందే పంపండి. కొన్ని స్కూళ్లు ముందస్తు లెటర్ ఉంటేనే ఒప్పుకుంటాయి, కొన్నింటికి సొంత ఫారం ఉంటుంది.

మర్నాడు పేరెంట్ పోర్టల్ తెరిచి ఆ రోజుకి ఏ కోడ్ పడిందో చూడండి. "అన్‌ఎక్స్‌క్యూజ్డ్" అనో, "ఇల్‌నెస్" అనో పడి ఉంటే అదే మెయిల్‌ని మళ్లీ పంపి మార్పించండి. ఈ చివరి పని చాలామంది చేయరు. దయచేసి చేయండి, లెక్కంతా దాని మీదే నిలబడుతుంది.

2. బోర్డు దేన్ని కారణంగా ఒప్పుకుంటుందో అర్థం చేసుకోండి

మనం పుట్టి పెరిగిన చోట సంక్రాంతికీ దసరాకీ సెలవు ఎందుకని ఎవరూ అడగరు. ప్రభుత్వమే జాబితా ఇస్తుంది, రంజాన్, క్రిస్మస్ కూడా అందులోనే ఉంటాయి. ఇక్కడ అలా కాదు. ప్రభుత్వం ఏ మతాన్నీ నెత్తిన పెట్టుకోకూడదని అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ చెబుతుంది. కాబట్టి పబ్లిక్ స్కూల్ "ఇది పవిత్రమైన రోజు" అనే కారణంతో మూయకూడదు. "ఆ రోజు పిల్లలూ టీచర్లూ ఎక్కువ మంది రారు, క్లాసులు సరిగ్గా జరగవు" అనే కారణంతో మూయవచ్చు.

ఈ తేడా కోర్టుల్లో తేలింది. గుడ్ ఫ్రైడేని రాష్ట్రమంతా స్కూల్ సెలవుగా పెట్టిన ఇల్లినాయ్ చట్టాన్ని 1995లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. మతంతో సంబంధం లేని కారణాన్ని రాష్ట్రం ఆధారాలతో చూపించలేకపోయింది. మేరీలాండ్‌లో అలాంటి ఈస్టర్ సెలవుల చట్టమే 1999లో మరో అప్పీళ్ల కోర్టులో నిలబడింది. సెలవు ఇవ్వకపోతే హాజరు బాగా పడిపోతుందన్న వాదనని ఆ కోర్టు ఒప్పుకుంది.

సమానత్వం ఒక్కటే అడిగితే ఏమవుతుందో కూడా మేరీలాండ్‌లోనే కనిపించింది. మాంట్‌గోమరీ కౌంటీలో ముస్లిం కుటుంబాలు క్రిస్మస్, యూదుల పండగ యోమ్ కిప్పూర్‌ల పక్కన ఈద్‌కి కూడా చోటు ఇమ్మని ఏళ్ల తరబడి అడిగాయి. 2014 నవంబర్‌లో బోర్డు ఈద్‌ని చేర్చలేదు సరికదా, క్యాలెండర్‌లోంచి మతపరమైన పండగల పేర్లన్నీ తీసేసింది. సెలవు రోజులు అలాగే ఉన్నాయి, పేర్లు మాత్రం పోయాయి. ఆ కుటుంబాలు వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాది, 2016-17 క్యాలెండర్‌కి, ఈద్ అల్ అధా (బక్రీద్) నాడు పిల్లలకి సెలవు వచ్చేలా బోర్డు ఓటు వేసింది. ఆ రోజుని పిల్లలు రాకుండా టీచర్లు మాత్రమే వచ్చే ప్రొఫెషనల్ డేగా మార్చింది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, ఐదో మెట్టులో పనికొస్తుంది.

3. ఒక్క పండగే అడగండి, ఒక్క తేదీ మీద నిలబడండి

ఉగాది, సంక్రాంతి, వినాయక చవితి, దసరా అన్నీ మనకి ముఖ్యమే. అయినా క్యాలెండర్ కోసం దీపావళి ఒక్కటే అడగమని నా సలహా. దీపావళి తెలుగువాళ్లతో పాటు గుజరాతీలు, తమిళులు, పంజాబీలు, నేపాలీలు అందరూ చేసుకునేది. సిక్కులకి అదే బందీ ఛోడ్ దివస్, జైనులకి మహావీరుడి నిర్వాణ దినం. లెక్కలో అందరూ కలుస్తారు. ఉగాదికి అంత మంది తేలరు. మిగతా పండగలకి ఒకటో మెట్టులోని లెటర్ ఎలాగూ ఉంది.

తేదీ దగ్గర చాలా జాగ్రత్త. 2024లో మేం దెబ్బతిన్నది అక్కడే. ఆ ఏడాది అమావాస్య ఇక్కడ తూర్పు తీరంలో అక్టోబర్ 31 ఉదయం మొదలై నవంబర్ 1 ఉదయానికే అయిపోయింది. సాయంత్రం అమావాస్య ఉన్నది 31నే, అది హాలోవీన్ కూడా. న్యూయార్క్ నగరం స్కూళ్లకి సెలవు ఇచ్చింది నవంబర్ 1న. మా ఊళ్లో సగం మంది 31న మాన్పించారు, సగం మంది 1న. హాలోవీన్ పరేడ్ కోసం పిల్లలు గొడవ చేస్తే పంపేసినవాళ్లూ ఉన్నారు. రెండు రోజుల్లోనూ లెక్క పలచగా వచ్చింది. బోర్డు మెంబర్ ఒకరు మర్యాదగానే అడిగారు: "మీ పండగ ఏ రోజో మీరే తేల్చుకోలేదు కదా?"

కాబట్టి మీ ఊరి గుడి పూజారిగారితో, గురుద్వారావాళ్లతో, జైన సంఘంతో ముందే కూర్చోండి. ఇండియా పంచాంగం చూసి కాదు, మీ ఊరి సూర్యాస్తమయానికి తిథి చూసి, వచ్చే మూడు నాలుగేళ్లకి తేదీలు ఒక కాగితం మీద రాసి, అందరూ ఒప్పుకున్నాకే బోర్డుకి ఇవ్వండి. 2026లో దీపావళి నవంబర్ 8, ఆదివారం. ఆ ఏడాది ఎవరూ మానక్కర్లేదు, కనుక తర్వాతి ఏళ్ల తేదీలు తేల్చుకోవడానికి మంచి సమయం. 2027కి ఇండియా పంచాంగాల్లో అక్టోబర్ 29, శుక్రవారం అని ఉంది. ఇక్కడి తిథి వేరుగా చూసుకోవాలి.

4. లెక్క తీయండి

అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ మన సమాచార హక్కు చట్టం లాంటిది ఉంది. స్కూల్ డిస్ట్రిక్ట్ దాని కిందకి వస్తుంది. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో "పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్" అని వెతికితే ఫారం దొరుకుతుంది. కొన్నిచోట్ల చిన్న ఫీజు ఉంటుంది. ఇవి అడగండి: దీపావళి రోజు ఒక్కో స్కూల్లో ఎంతమంది పిల్లలు రాలేదు, ఎంతమంది టీచర్లూ సిబ్బందీ రాలేదు, సబ్‌స్టిట్యూట్ దొరకని క్లాసులు ఎన్ని. పేర్లు వద్దు, మొత్తాలు చాలు.

దీపావళి శుక్రవారం వస్తే, ముందు శుక్రవారం, తర్వాతి శుక్రవారం లెక్కలు కూడా అడగాలి. సోమ, శుక్రవారాల్లో గైర్హాజరు మామూలుగానే ఎక్కువ ఉండొచ్చు. బుధవారంతో పోల్చి చూపిస్తే ఎవరో ఒకరు వెంటనే పట్టుకుంటారు, మిగతా మాటలన్నీ తేలిపోతాయి.

టీచర్ల లెక్కని తక్కువగా చూడకండి. పిల్లలు రాకపోయినా పాఠం జరుగుతుంది, టీచర్ రాకపోతే జరగదు. మీ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే భారతీయ టీచర్లు, పారా టీచర్లు (క్లాసులో టీచర్‌కి సాయపడేవాళ్లు), క్యాంటీన్‌లో, బస్సుల్లో పనిచేసేవాళ్లతో మాట్లాడండి. వాళ్లలో చాలామంది సెలవు అడగడానికి మొహమాటపడి పండగ రోజు కూడా డ్యూటీకి వెళ్తుంటారు.

5. బోర్డు ముందుకి వెళ్లండి

క్యాలెండర్ కనీసం ఏడాది ముందే ఖరారవుతుంది. కొన్ని డిస్ట్రిక్ట్‌లు రెండేళ్లవి కలిపి ఆమోదిస్తాయి. ఆగస్టులో కొత్త క్యాలెండర్ చేతికి వచ్చాక ఆ ఏడాదికి అడగడం దండగ. క్యాలెండర్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో సూపరింటెండెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. కమిటీలో పేరెంట్‌కి చోటుంటే అప్లై చేయండి. అసలు నిర్ణయం చాలా వరకు అక్కడే అయిపోతుంది, బోర్డు ఓటు ఆ తర్వాత.

బోర్డు మీటింగ్‌లో జనం మాట్లాడే పబ్లిక్ కామెంట్‌లో ఒక్కొక్కరికి రెండు, మూడు నిమిషాలే ఇస్తారు. పేరు ముందే రాయించుకోవాలి. పదిమంది వెళ్లి ఒకే మాట చెప్పకండి. ఒకరు లెక్కలు, ఒకరు తేదీల కాగితం, ఒక టీచర్, ఒక విద్యార్థి, అంతే. మా తరఫున మాట్లాడిన పదకొండో తరగతి అబ్బాయి దీపావళి రాత్రి బాణసంచా వెలుగులో కెమిస్ట్రీ టెస్ట్‌కి చదివానని చెప్పాడు. హాల్లో ఎవరూ కదలలేదు.

మూడు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి.

"మీ పండగ సాయంత్రమే కదా, స్కూల్ అయ్యాక చేసుకోవచ్చు కదా?" ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దీపాలు సాయంత్రమే పెడతాం. కానీ పొద్దున్నే తలంటు, గుడి, పిండివంటలు, లక్ష్మీపూజ, ఇంటికి వచ్చే చుట్టాలు, ఇదంతా కలిస్తేనే పండగ. క్రిస్మస్ ఈవ్ సాయంత్రంతో పోల్చి చెబితే వాళ్లకి తొందరగా అర్థమవుతుంది.

"ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు." అడగనివ్వండి. అందరికీ ఒకే కొలబద్ద పెట్టమనండి: గైర్హాజరు ఇంత దాటితే సెలవు. ఈద్ కుటుంబాలు, లూనార్ న్యూ ఇయర్ చేసుకునే చైనీస్, కొరియన్, వియత్నామీస్ కుటుంబాలు మనకి పోటీ కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు మా పక్క వీధిలోనే ఉన్నాయి. వాళ్ల ఈద్ లెటర్లు, మా దీపావళి లెటర్లు ఒకే టేబుల్ మీద పెట్టుకుని రాసుకున్నాం. న్యూయార్క్‌లో కూడా ఈద్, లూనార్ న్యూ ఇయర్ సెలవులు 2015లోనే ఖరారయ్యాయి. దీపావళి బిల్లు మీద గవర్నర్ క్యాథీ హోకుల్ సంతకం పెట్టింది 2023 నవంబర్ 14న. ముందు వచ్చినవాళ్లు వేసిన దారిలోనే వెనకవాళ్లు నడిచారు.

మూడోది నిజంగా బరువైన ప్రశ్న: "ఆ రోజు పనికి వెళ్లే తల్లిదండ్రులు పిల్లల్ని ఎక్కడ పెట్టాలి? స్కూల్ భోజనం మీదే ఆధారపడే పిల్లల సంగతేంటి?" దీన్ని తోసిపుచ్చకండి. ఏడాదిలో పిల్లలు రాని టీచర్ల ట్రైనింగ్ రోజులు ఎలాగూ కొన్ని ఉంటాయి. అందులో ఒకదాన్ని దీపావళికి జరపమని అడగండి. అప్పుడు పాఠాల రోజు ఒక్కటి కూడా తగ్గదు, తల్లిదండ్రులకి అదనంగా ఒక సెలవు భారం పడదు. మాంట్‌గోమరీలో ఈద్‌కి పనికొచ్చిన దారి ఇదే. ఇందులో ఒక చిక్కుంది: దీపావళి చేసుకునే టీచర్లకి ఆ రోజు ట్రైనింగ్ ఉంటుంది. వాళ్లు లీవ్ తీసుకుని, ఆ ట్రైనింగ్ మరో రోజు చేసే వీలు ఉండాలని కూడా అదే మీటింగ్‌లో అడగండి.

మొదటిసారి కాదన్నా, చిన్న మెట్టు ఒకటి అడిగి రండి: ఆ రోజు పరీక్షలు, ఫీల్డ్ ట్రిప్‌లు, పెద్ద ప్రోగ్రాములు పెట్టకూడదన్న నియమం. డబ్బు ఖర్చు లేని పని కాబట్టి ఒప్పుకోవడం సులువు. పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది, పండగకి మానే కుటుంబాలు పెరుగుతాయి, మరుసటి ఏడాది లెక్క బలపడుతుంది.

6. సెలవు వచ్చాక

మా డిస్ట్రిక్ట్‌లో 2027 దీపావళిని టీచర్ల ట్రైనింగ్ రోజుగా పెట్టారు. పని అక్కడితో అయిపోలేదు. క్యాలెండర్ ప్రతిసారీ కొత్తగా ఆమోదిస్తారు, బోర్డు మెంబర్లు ఎన్నికల్లో మారతారు. పైగా సెలవు ఉన్న ఏడాది గైర్హాజరు లెక్క పుట్టదు, కాబట్టి పాత ఏళ్ల లెక్కలే రేపటికి ఆధారం. రికార్డ్స్ రిక్వెస్ట్‌కి వచ్చిన జవాబులు, తేదీల కాగితం, లెటర్ నమూనా, కమిటీ మీటింగుల తేదీలు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మన పిల్లలు చదువు ముగించుకుని వెళ్లిపోతారు, మనమూ మీటింగులకి వెళ్లడం మానేస్తాం. అందుకే ఫోల్డర్‌ని కిండర్‌గార్టెన్‌లో పిల్లలున్న వాళ్లకి అప్పగించాలి. మాది పోయిన నెల మా వీధి చివర ఉండే నెల్లూరు కుటుంబానికి ఇచ్చాం. వాళ్ల బాబుకి ఐదేళ్లు.