స్టేజీ మ్యూజికల్ సినిమాగా వస్తోందా? వసూళ్లు ఇలా అంచనా వేయండి

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్లలో ఆడే మ్యూజికల్‌ను, అంటే పాటలతో కథ నడిపే నాటకాన్ని, సినిమాగా తీస్తున్నారనగానే అందరూ అడిగే మొదటి మాట "అది స్టేజీ మీద ఎన్నేళ్లు ఆడింది?" అని. అక్కడి నుంచి లెక్క మొదలుపెడితే అంచనా మొదట్లోనే దారి తప్పుతుంది. 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'నే చూడండి. 1988 జనవరిలో న్యూయార్క్‌లో మొదలై 2023 ఏప్రిల్‌లో ఆగేలోపు 13,981 ప్రదర్శనలు పూర్తిచేసుకుంది. బ్రాడ్‌వేలో అంతకాలం ఆడిన షో మరొకటి లేదు. దాన్ని 2004లో సినిమాగా తీస్తే అమెరికా, కెనడా కలిపి వచ్చింది సుమారు 51 మిలియన్ డాలర్లు. 2008లో వచ్చిన 'మమ్మా మియా!' అక్కడే 144 మిలియన్లు, ప్రపంచం మొత్తం మీద 600 మిలియన్లకు పైగా తెచ్చింది. అప్పటికి ఆ నాటకం పుట్టి తొమ్మిదేళ్లే.

నాకు మ్యూజికల్స్ అంటే ప్రాణం. అలాంటి సినిమా వస్తోందంటే విడుదలకు ముందే కాగితం మీద ఒక అంచనా రాసుకోవడం కొన్నేళ్లుగా అలవాటు. దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తెల్లకాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, వసూళ్ల అంకెలు చూసుకోవడానికి బాక్సాఫీస్ మోజో లాంటి సైట్ ఒకటి ఉంటే చాలు. నేను ఏ వరసలో చేస్తానో చెబుతాను.

1. పాటలు ఎవరి నోట్లో ఉన్నాయో చూడండి

మొత్తం లెక్కకు ఇదే పునాది. నాటకానికి ఎప్పుడూ వెళ్లనివాళ్లకు కూడా ఆ పాటలు వచ్చా? మన ఊళ్లలో పద్యనాటకం ఆడేటప్పుడు జనం "వన్స్ మోర్" అని అరిచేది ముందే నోటికి వచ్చిన పద్యానికే. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు కూడా సురభి వాళ్ల నాటకాన్నే తెరకెక్కించారు. ప్రేక్షకుడు తనకు తెలిసిన పాట కోసం వస్తాడు, కొత్త పాట ఇంటికి తీసుకెళ్తాడు.

'మమ్మా మియా!' పాటలన్నీ స్వీడన్ పాప్ బృందం ఆబా 1970ల నుంచి రేడియోల్లో మోగించినవి. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో అవి తెలియని ఇల్లు అరుదు. నాటకం టికెట్ కొనలేనివాళ్లకు కూడా పాటలు కంఠతా వచ్చు. అందుకే బ్రిటన్‌లో ఆ సినిమా అప్పటిదాకా ఉన్న 'టైటానిక్' రికార్డును కూడా దాటేసింది.

దీన్ని తేల్చుకోవడానికి యూట్యూబ్‌కు వెళ్లండి. అసలు నటులు పాడిన వీడియోల వ్యూస్ కాకుండా మామూలు జనం పాడి పెట్టిన వీడియోలు ఎన్ని ఉన్నాయో చూడండి. 'వికెడ్' నాటకంలోని 'డిఫైయింగ్ గ్రావిటీ' పాట పేరు కొట్టి చూస్తే బడి పోటీల్లో, బెడ్‌రూమ్‌లో అద్దం ముందు, కారులో పాడుతున్న ఆడపిల్లలు వరసగా కనిపిస్తారు. అలా కనిపిస్తే కాగితం మీద ఒక టిక్కు పెట్టండి.

తరవాత ఇంకో పరీక్ష. పాటలు తీసేసి కథ ఒక్కటే ఎవరికైనా చెప్పి చూడండి. 'క్యాట్స్' నాటకంలో 'మెమరీ' పాట ప్రపంచమంతా తెలుసు. కథ చెప్పమంటే మాత్రం రెండు వాక్యాల్లో అయిపోతుంది: పిల్లులు ఒక రాత్రి కలుస్తాయి, వాటిలో ఒకదానికి కొత్త జన్మ దొరుకుతుంది. 'వికెడ్' కథ చెబుతుంటే వినేవాళ్లు "ఆ తరవాత?" అంటారు. టికెట్ కొననివాణ్ణి థియేటర్‌కు రప్పించేది ఆ ప్రశ్నే.

2. స్టేజీ ప్రేక్షకుల్ని తలల్లోకి మార్చండి

బ్రాడ్‌వే షోల వారం వారం వసూళ్లు బయటికి ఇస్తారు. అవి చూసి మురిసిపోకండి. నాటకం టికెట్ ధర ఎక్కువ కాబట్టి డాలర్లు పెద్దగా కనిపిస్తాయి. తలలు లెక్కపెట్టండి.

'వికెడ్' ఆడే గెర్ష్విన్ థియేటర్‌లో దాదాపు 1,900 సీట్లు. వారానికి 8 ఆటలు. అన్నీ నిండాయనుకున్నా వారానికి 15,200 మంది, ఏడాదికి సుమారు 7 లక్షల 90 వేలు. 2003 అక్టోబర్ నుంచి 2024 నవంబర్ దాకా, కోవిడ్‌లో మూతపడిన ఏడాదిన్నర తీసేస్తే, పందొమ్మిదిన్నర ఏళ్లు. మొత్తం కోటిన్నర చిల్లర.

2024 నవంబర్‌లో విడుదలైన 'వికెడ్' సినిమా మొదటి మూడు రోజుల్లో అమెరికా, కెనడాలో 112.5 మిలియన్ డాలర్లు వసూలు చేసింది. టికెట్ సగటున 11 డాలర్లు అనుకుంటే కోటి పైచిలుకు టికెట్లు. ఆ థియేటర్‌కు పందొమ్మిదేళ్లలో వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి సమానమైన జనం మూడు రోజుల్లో వచ్చారు. ఈ అంకె మొదటిసారి వేసుకున్నప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. ఊరూరా తిరిగే టూరింగ్ షోలు, లండన్ షో చూసినవాళ్లు వేరే ఉన్నారు, నిజమే. అయినా విషయం స్పష్టంగానే ఉంది. నాటకం అభిమానులు శుక్రవారం హాలు నింపుతారు. సోమవారం హాలు నింపాల్సింది మిగతా జనం.

3. బడ్జెట్ పక్కన షేర్ రాయండి

గ్రాస్ అంటే మొత్తం టికెట్ల వసూలు, షేర్ అంటే అందులో సినిమా తీసినవాళ్లకు చేరేది; ఆ తేడా తెలుగు సినిమా అభిమానికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. హాలీవుడ్‌లో మోటు లెక్క ఇది: అమెరికా, కెనడా గ్రాస్‌లో సుమారు సగం, బయటి దేశాల్లో సుమారు 40 శాతం, చైనాలో 25 శాతం స్టూడియోకు చేరతాయి. పబ్లిసిటీ ఖర్చు బడ్జెట్‌లో కలవదు, అది వేరే.

2019 డిసెంబర్‌లో వచ్చిన 'క్యాట్స్'తో చేసి చూద్దాం. ప్రపంచ గ్రాస్ సుమారు 75 మిలియన్లు. అందులో అమెరికా, కెనడావి 27, బయటివి 48. సగం, 40 శాతం వేస్తే 13.5, 19. మొత్తం షేర్ 33 మిలియన్ల దగ్గర ఆగింది. బడ్జెట్ 95 మిలియన్ల దాకా ఉందని ట్రేడ్ పత్రికలు రాశాయి.

ఇప్పుడు 52 మిలియన్లతో తీసిన 'మమ్మా మియా!' అంకెలు మీరే వేయండి. 250 మిలియన్ల పైనే షేర్ తేలుతుంది. ఓటీటీ, టీవీ హక్కుల డబ్బు దీనికి అదనం. మ్యూజికల్స్ విషయంలో నా గట్టి నమ్మకం ఒకటుంది: బడ్జెట్ 60 మిలియన్లు దాటిన దగ్గర్నుంచి రిస్కు ఒక్కసారిగా పెరుగుతుంది. 'లే మిజెరాబ్ల్' 2012లో 61 మిలియన్లతో తయారై 440 మిలియన్లకు పైగా తెచ్చింది. 'వెస్ట్ సైడ్ స్టోరీ'కి 2021లో 100 మిలియన్లు పెట్టారు, వచ్చింది 76. రెండోది ఎంత అందంగా తీసిన సినిమానో చూసినవాళ్లకు తెలుసు. ఆ అంకె చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

4. ట్రైలర్‌ను క్లోజప్ కోసం చూడండి

స్టేజీ మీద మనిషి తోక కట్టుకుని వచ్చి పిల్లినంటే ఒప్పుకుంటాం. ముప్ఫై అడుగుల దూరంలో కూర్చున్నాం కాబట్టి మిగతాది మన ఊహ పూరిస్తుంది. కెమెరా ఆ దూరాన్ని చెరిపేస్తుంది. 2019 జులైలో 'క్యాట్స్' ట్రైలర్ రాగానే మనిషి మొహాల మీద కంప్యూటర్ బొచ్చు చూసి జనం ఇబ్బందిపడ్డారు. సినిమా విడుదలయ్యాక కూడా గ్రాఫిక్స్ పని మిగిలిపోయింది. ఒక సీన్‌లో నటి జూడి డెంచ్ చెయ్యి బొచ్చు లేకుండా, ఉంగరంతో సహా మామూలు మనిషి చెయ్యిలాగే కనిపించింది. సరిచేసిన కాపీని స్టూడియో ఆ వారాంతంలోనే థియేటర్లకు మళ్లీ పంపింది. తొలి మూడు రోజుల వసూలు 6.6 మిలియన్లు.

వయసు విషయంలోనూ ఇంతే. 2021లో 'డియర్ ఇవాన్ హాన్సెన్'లో హైస్కూల్ కుర్రాడి పాత్రను స్టేజీ మీద అదే పాత్రకు బ్రాడ్‌వే వాళ్ల టోనీ అవార్డు అందుకున్న నటుడే వేశాడు. గొంతు అదే, నటన అదే. క్లోజప్‌లో మాత్రం వయసు కనిపించింది, చర్చంతా దాని చుట్టూనే తిరిగింది.

ఇంకో సంగతి గమనించండి. ట్రైలర్‌లో ఎవరైనా పాడుతున్నారా? మ్యూజికల్ అని తెలిస్తే జనం రారేమోనన్న భయంతో పాటల్ని దాచే అలవాటు ఈమధ్య పెరిగింది. 2024 'మీన్ గర్ల్స్' అలాగే చేసింది. తక్కువ బడ్జెట్ కాబట్టి ఆ సినిమా గట్టెక్కింది. నా వరకు, పాటలు దాచిన ట్రైలర్ కనిపిస్తే అంచనాలో పదో వంతు కోసేస్తాను. దాచారంటే తీసినవాళ్లకే ధైర్యం లేదని అర్థం.

5. డేటు, ఓటీటీ

పక్కన పెద్ద సినిమా ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, ఇద్దరికీ ప్రేక్షకులు ఒకరేనా అన్నది చూడాలి. 'మమ్మా మియా!' అమెరికాలో విడుదలైంది 'ది డార్క్ నైట్' వచ్చిన రోజే, 2008 జులై 18న. ఆ పక్క హాలుకు వెళ్లనివాళ్లందరూ ఈ హాలుకు వచ్చారు. 'వెస్ట్ సైడ్ స్టోరీ' వచ్చిన వారానికే 'స్పైడర్ మ్యాన్: నో వే హోమ్' దిగింది. పైగా కోవిడ్ టెన్షన్‌తో పెద్ద వయసువాళ్లు ఇంకా థియేటర్లకు తిరిగి రాలేదు.

'ఇన్ ది హైట్స్' 2021 జూన్‌లో థియేటర్లలో, హెచ్‌బీఓ మ్యాక్స్ ఓటీటీలో ఒకే రోజు వచ్చింది. చూసినవాళ్లు సినిమాస్కోర్ సర్వేలో 'ఎ' గ్రేడ్ ఇచ్చారు. ఓపెనింగ్ 11.5 మిలియన్లు, అక్కడి ఫుల్ రన్ 30 మిలియన్ల దగ్గరే ఆగింది. ఇంట్లో టీవీలో అదే రోజు ఉంటే ఎంత మంచి టాక్ అయినా టికెట్‌గా మారదు.

6. ఓపెనింగ్‌ను గుణించండి

విడుదల వారాంతం అయ్యాక అసలు పని మొదలవుతుంది. గురువారం రాత్రి వేసే ప్రివ్యూల వసూళ్లను హాలీవుడ్ వాళ్లు శుక్రవారంలో కలిపేస్తారు. తెలుగు సినిమాల అమెరికా ప్రీమియర్ల అంకె విడిగా చూడటం అలవాటైనవాళ్లు ఇక్కడ పొరపడతారు.

మూడు రోజుల వసూలు తీసుకుని ఈ మూడు అంకెల్లో ఒకదానితో గుణించండి. టాక్ బాగా లేకపోతే 2, మామూలుగా ఉంటే 3, జనం మళ్లీ మళ్లీ చూస్తున్నారంటే 4. 'డియర్ ఇవాన్ హాన్సెన్' ఓపెనింగ్‌కు రెండింతల దగ్గరే ఆగింది. 2024 'వికెడ్' ఫుల్ రన్ సుమారు 475 మిలియన్లు, అంటే 4.2 రెట్లు. 'మమ్మా మియా!' 27.7తో మొదలై అయిదు రెట్లు దాటింది. నాటకం నుంచి రాకపోయినా మ్యూజికలే అయిన 'ది గ్రేటెస్ట్ షోమ్యాన్' 2017 డిసెంబర్‌లో 8.8 మిలియన్లతో మొదలై 174 దాకా వెళ్లింది. దాదాపు ఇరవై రెట్లు! మొదటి ఆదివారం సాయంత్రమే ఫ్లాప్ అని రాసేసినవాళ్లు ఆ సినిమా దగ్గర నేర్చుకున్నారు. మ్యూజికల్‌కు పాట ఇంటికెళ్లి పనిచేయడానికి ఒక వారం పడుతుంది.

బయటి దేశాల లెక్క విడిగా వేయండి. అక్కడ ఆ నాటకం ఆడిందా, పాటలు తెలుసా అన్నదే ఆధారం. 'లే మిజెరాబ్ల్' నాటకాన్ని జపాన్‌లో 1987 నుంచి జపనీస్‌లోనే ఆడుతున్నారు, సినిమా అక్కడ పెద్ద హిట్టయింది. అమెరికా బయట పెద్దగా తెలియని నాటకమైతే మొత్తంలో మూడో వంతు వస్తే ఎక్కువ.

7. రెండో వారాంతం డ్రాప్ చూసి అంచనా దిద్దండి

ఇక్కడ ఒకే నాటకంలోంచి వచ్చిన రెండు సినిమాల్ని పక్కపక్కన పెడతాను. 'వికెడ్'ను రెండు భాగాలుగా తీశారు. మొదటి భాగం స్టేజీ మీద ఇంటర్వెల్ పడే చోటే ముగుస్తుంది. కథానాయిక ఎల్ఫాబా చీపురు పట్టుకుని గాల్లోకి లేచి 'డిఫైయింగ్ గ్రావిటీ' చివరి గమకం అందుకుంటుంది, చీకటి పడుతుంది. నాటకంలో అక్కడ పావుగంట విరామం. సినిమాలో ఏడాది.

మొదటి భాగం వసూళ్లు, మొదటి వారాంతంతో పోలిస్తే, రెండో వారాంతంలో దాదాపు 28 శాతమే పడిపోయాయి. 2025 నవంబర్ 21న వచ్చిన రెండో భాగం 147 మిలియన్లతో, మొదటిదానికన్నా ఎంతో పెద్దగా మొదలైంది. రెండో వారాంతంలో సగానికి పైగా పడిపోయింది, ఫుల్ రన్‌లో మొదటి భాగానికి చాలా కిందే ఆగింది. రెండూ థాంక్స్‌గివింగ్ సెలవులకు ముందు వారమే వచ్చాయి. దర్శకుడు, తారలు వాళ్లే. తేడా పాటల్లో ఉంది. జనం నోట్లో ఉన్న పాటలు, 'పాపులర్', 'డిఫైయింగ్ గ్రావిటీ', నాటకం మొదటి సగంలోనే అయిపోతాయి. మొదటి మెట్టులో యూట్యూబ్ వెతుకులాట రెండో సగం పాటలతో కూడా చేసి ఉంటే ఈ తేడా విడుదలకు ముందే కనిపించేది.

రెండో వారాంతం డ్రాప్ 40 శాతం లోపే ఉంటే గుణకం 4 వైపు పెంచండి. 55 దాటితే 2.5 దగ్గరకు దించండి. తరవాత సింగ్-అలాంగ్ ఆటల (ప్రేక్షకులూ కలిసి పాడేవి) ప్రకటన కోసం చూస్తూ ఉండండి. 2024 నవంబర్‌లో 'వికెడ్' వచ్చినప్పుడు హాల్లో పాడొద్దని ఒక పెద్ద థియేటర్ల గొలుసు తెర మీదే నోటీసు వేసింది. నెల తిరిగేసరికి, క్రిస్మస్ రోజున, అభిమానులు గొంతెత్తి పాడుకోవడానికే ప్రత్యేక ఆటలు వేశారు. అప్పటికి ఇంకో ఆరు రోజుల్లో, డిసెంబర్ 31న, సినిమా డిజిటల్‌లో అద్దెకు రావాల్సి ఉంది. అయినా జనం వచ్చి పాడారు.