ఫ్లాష్ తలను సీలింగ్ వైపు తిప్పండి

కొత్తగా కెమెరా కొన్నవాళ్ల చూపు వెంటనే పెద్ద జూమ్ లెన్స్ మీదికి పోతుంది. నా మాట వినండి, ముందు జూమ్ లేని 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తీసుకోండి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ 55 దగ్గర సాధారణంగా ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. దానితో పోలిస్తే ఇందులోకి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు వస్తుంది. అయితే ఏపీఎస్-సీ (చిన్న సెన్సార్) కెమెరా మీద ఇది 75-80 ఎంఎం లెన్స్‌లా దగ్గరికి లాగి చూపిస్తుంది, చిన్న హాల్లో నలుగురిని నిలబెట్టినా ఫ్రేములో పట్టరు. అందుకే కొనేముందు కిట్ లెన్స్‌ను 50 దగ్గరే ఉంచి ఒక వారం ఇంట్లో తీసి చూడండి.

ఇంట్లో వ్రతమో అన్నప్రాశనో ఉంటే ఫ్లాష్‌ను నేరుగా ముఖం మీద కొట్టకండి. నుదురు మెరిసిపోతుంది, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. తల తిరిగే ఫ్లాష్ పెట్టుకుని తెల్ల సీలింగ్ వైపు, కాస్త వెనక్కి వంచి కొట్టండి. వెలుతురు పైనుంచి మెత్తగా పరుచుకుంటుంది, చంటిపిల్లల కళ్లకూ హాయి. షటర్ 1/60 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800తో మొదలుపెట్టండి, దీపాల వెలుగు కూడా ఫొటోలో నిలుస్తుంది. సీలింగ్‌కు రంగు ఉంటే మాత్రం ఆ రంగే ముఖాలకు అంటుకుంటుంది, అప్పుడు పక్కన తెల్ల గోడ ఉందేమో చూసుకోండి.