ప్రతిస్పందనను కొలవడం – మూడో పాఠం: కబురు నరంలో వెళ్ళిందా, రక్తంలో వెళ్ళిందా?

పోయిన పాఠంలో టార్చి వెలుగుకి కంటిపాప చిన్నదవడం, మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరడం చూశాం. ఈసారి చూడటంతో ఆగకుండా కొలుద్దాం. 30 సెంటీమీటర్ల స్కేలు, స్టాప్‌వాచీ ఉన్న ఫోను, గుప్పెడు గోధుమలు, దొరికితే ఒక అత్తిపత్తి మొక్క, సాయానికి ఇంట్లో ఒక మనిషి ఉంటే చాలు.

నేర్చుకోవాల్సిన పని ఒక్కటే. ఏ ప్రతిస్పందన కనిపించినా రెండు ప్రశ్నలు వేయాలి: ఎంతసేపటికి మొదలైంది? ఎంతసేపు నిలిచింది? ఈ రెండూ తెలిస్తే కబురు మోసింది నాడీ వ్యవస్థా, రక్తంలో కలిసి వెళ్ళే హార్మోనా అన్నది చాలాసార్లు మీరే చెప్పగలుగుతారు. ‘నాడులు వేగం, హార్మోన్లు నిదానం’ అని బట్టీ పట్టినవాళ్ళకి ఆ వేగం ఎంతో అడిగితే చెప్పడం కష్టం. అందుకే ముందు అంకెలు చూద్దాం.

స్కేలుతో మొదలుపెడదాం

మోచేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి అంచు దాటి బయటికి ఉండేలా కూర్చోండి. బొటనవేలు, చూపుడువేలు కొంచెం ఎడంగా పెట్టండి. మీ సహాయకులు స్కేలు పైకొస పట్టుకుని, సున్నా గీత మీ వేళ్ళ మధ్యకి వచ్చేలా వేలాడదీయాలి. చెప్పకుండా వదిలేయాలి. పట్టుకున్నాక బొటనవేలి పైఅంచు దగ్గర ఎన్ని సెంటీమీటర్లుందో చూసి రాసుకోండి. ఆ అంకెను 490తో భాగించి వర్గమూలం తీస్తే మీ ప్రతిస్పందన కాలం సెకన్లలో వస్తుంది. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.14 సెకను, 20 దగ్గరైతే 0.20, 30 దగ్గరైతే 0.25.

పదిసార్లు చేసి మధ్యస్థపు విలువ (అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే మధ్యలో వచ్చేది) తీసుకోండి. 5 సెంటీమీటర్లకన్నా ముందే పట్టేస్తే ఆ అంకె కొట్టేయండి. అది చూసి పట్టుకున్నది కాదు, ఊహించి పట్టుకున్నది. అంతర్జాతీయ పరుగు పందేల్లో కూడా తుపాకీ పేలిన 0.1 సెకనులోపు కదిలితే ఫౌల్ స్టార్ట్ కిందే లెక్క.

ఇప్పుడు ఈ అంకెను విప్పి చూద్దాం. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరంలో సంకేతం వేగం కొలిచాడు. సెకనుకి 30 మీటర్లకి కాస్త అటూఇటూగా వచ్చింది. అది కొలతకి అందని వేగమని అప్పటిదాకా పెద్ద శాస్త్రవేత్తలే అనుకునేవారు. మన చేతి కండరాలకి వెళ్ళే నరాల్లో ఇది సెకనుకి 50 మీటర్ల పైమాటే. మెదడు నుంచి వేలిదాకా దూరం మీటరు అనుకున్నా, ప్రయాణానికి పట్టేది 0.02 సెకను. మరి మీకొచ్చిన 0.20లో మిగతాదంతా ఎక్కడ పోయింది? కంట్లో రసాయనిక చర్యకి, మెదడు గుర్తుపట్టి ‘పట్టుకో’ అని నిర్ణయించడానికి, కండరం బిగుసుకోవడానికి. నరం మీద నెపం పెట్టడానికి లేదు.

అనుమానంగా ఉంటే కళ్ళు మూసుకుని చేయండి. స్కేలు వదులుతూనే సహాయకులు ‘టక్’ అనాలి. వదలడం, అనడం సరిగ్గా ఒకేసారి జరిగితే చాలామందికి శబ్దంతోనే తక్కువ అంకె వస్తుంది. వేలు, చెయ్యి, వాటికి వెళ్ళే నరాలు అవే. కంటి కన్నా చెవి పని త్వరగా ముగుస్తుంది, అంతే తేడా.

నరాలన్నీ ఒకే వేగం అనుకోకండి. కాలి బొటనవేలు గడపకి కొట్టుకున్నప్పుడు గమనించండి. తగిలిందని వెంటనే తెలుస్తుంది, ఒక క్షణం ఆగి అసలు సలుపు మొదలవుతుంది. స్పర్శను మోసే నరపు పోగులకి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, దానివల్ల సంకేతం వేగంగా వెళ్తుంది. ఆ రెండో నొప్పిని మోసే పోగులకి అది లేదు, వాటి వేగం సెకనుకి మీటరు చుట్టుపక్కలే.

కుక్క వెళ్ళిపోయినా గుండె దడ

రాత్రి సందు మలుపులో కుక్క మీదికి ఉరికిందనుకోండి. మీరు ఎగిరి పక్కకి దూకింది నరాల పని, అర సెకను కూడా పట్టదు. గుండె వేగం అందుకోవడం కూడా మొదట నరాల వల్లే. కానీ కుక్క పోయి, సందు దాటి, ఇంట్లో మంచినీళ్ళు తాగుతున్నా వేళ్ళు వణుకుతూనే ఉంటాయి. అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి వదిలిన అడ్రినలిన్ పని. గ్రంథికి ఆ ఆజ్ఞ ఇచ్చింది కూడా నరమే. రక్తంలోకి చేరిన అడ్రినలిన్ సగానికి తగ్గడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి ప్రమాదం తప్పినా టెన్షన్ వెంటనే దిగదు.

కొలవడం తేలిక. నిజంగా ఉలిక్కిపడిన సందర్భంలో మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిమిషానికోసారి అలా రాసుకుంటూ, మామూలు అంకెకి దిగేదాకా చూడండి. దీనికోసం ఇంట్లో ఎవరినీ భయపెట్టకండి. ఆఖరి ఓవర్‌దాకా సాగే క్రికెట్ మ్యాచ్ వచ్చినా సరిపోతుంది.

నరానికీ హార్మోనుకీ మధ్య గీత కూడా అంత గట్టిది కాదు. 1921లో ఓటో లోయీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. మొదటిదాని నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకి అందిస్తే, దాని నరాన్ని ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. నరం కూడా తన కొసన రసాయనంతోనే మాట్లాడుతుందన్నమాట.

అత్తిపత్తి దగ్గర లెక్క మారుతుంది

మొక్కలకి నరాలు లేవు, కాబట్టి అన్నీ హార్మోన్లతోనే అని కొందరు చెప్పేస్తారు. గడియారం పెట్టి చూస్తే ఆ మాట నిలవదు. అత్తిపత్తి ఆకు కొసన ఉన్న చిన్న జత ఆకుల్ని వేలితో తాకి ఫోన్‌లో వీడియో తీయండి. పక్కన స్కేలు పెట్టడం మరిచిపోకండి. జతలు ఒకదాని తరవాత ఒకటి ముడుచుకుంటూ పోతాయి. ముడత సెకనుకి సుమారు రెండు మూడు సెంటీమీటర్లు పాకుతుంది. అగరుబత్తి సెగ తగిలిస్తే పక్క ఆకులు కూడా వాలిపోవచ్చు.

ఇందులో పాకేది ముఖ్యంగా విద్యుత్ సంకేతమే, నరాలు మాత్రం లేవు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గత శతాబ్దం మొదట్లోనే దీన్ని సొంతంగా తయారుచేసిన పరికరాలతో నమోదు చేశాడు. సంకేతం ఆకు కాడ మొదట్లో ఉబ్బుగా ఉండే కీలు దగ్గరికి చేరగానే, కీలుకి ఒక పక్క కణాల నుంచి పొటాషియం అయాన్లు బయటికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. కణాలు మెత్తబడి కాడ వాలుతుంది. తిరిగి విచ్చుకోవడానికి పది ఇరవై నిమిషాలు పడుతుంది, ఎందుకంటే నీటిని మళ్ళీ లోపలికి తెచ్చుకోవాలి.

గోధుమ మొలక

అసలైన హార్మోను చలనం చూడాలంటే ఓపిక కావాలి. గోధుమల్ని రాత్రంతా నానబెట్టి, తడి దూది మీద చీకట్లో మొలకెత్తించండి. మొలకలు రెండు సెంటీమీటర్లు పెరిగాక సగం వాటి కొసలకి వెండిరంగు ఫాయిల్ ముక్కతో చిన్న టోపీలు పెట్టండి. ఒకవైపు మాత్రమే చిల్లు ఉన్న అట్టపెట్టెలో ఉంచి, గంటకోసారి ఫొటో తీయండి. కొన్ని గంటల్లో టోపీ లేనివి వెలుగు వైపు ఒంగుతాయి, టోపీ ఉన్నవి నిటారుగానే ఉంటాయి. ఒంగే చోటు కొస కాదు, దానికి కొంచెం కింద. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880లో వేరే గడ్డి మొలకలతో చూపించింది ఇదే: చూసేది కొస, ఒంగేది కింద. మధ్యలో కబురు మోసే పదార్థాన్ని 1920లలో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ అగార్ అనే జెల్లీ ముక్కల్లోకి పట్టాడు. అదే ఆక్సిన్ అనే మొక్కల హార్మోను. వెలుగు పడని పక్క ఆక్సిన్ ఎక్కువ చేరి, ఆ పక్క కణాలు ఎక్కువ సాగుతాయి. ఇది కణం నుంచి కణానికి గంటకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కదులుతుంది.

ఎండాకాలంలో ఇంకో హార్మోను మన ఇళ్ళలోనే పనిచేస్తుంది. గడ్డిలో మాగేసిన మామిడికాయల్లో ఒకటి పండితే పక్కవి కూడా త్వరగా పండటానికి కారణం ఇథిలీన్. అది వాయువు కాబట్టి ఒక కాయ నుంచి ఇంకో కాయకి గాల్లోనే చేరుతుంది. కార్బైడ్‌తో వచ్చేది దాని పోలికగల ఎసిటిలీన్. కార్బైడ్‌లోని మలినాలు హానికరం, దాంతో కాయలు మాగబెట్టడం మన దేశంలో నిషేధం.

నోటు పుస్తకంలో నాలుగు వరుసలు గీయండి: స్కేలు, నాడి, అత్తిపత్తి, గోధుమ. ప్రతిదానికీ మొదలైన సమయం, నిలిచిన సమయం పక్కపక్కనే రాయండి. నాలుగో పాఠం అన్నం తిన్నాక రక్తంలో పెరిగే చక్కెర గురించి. అక్కడ మూడో ప్రశ్న చేరుతుంది: ఆపమని ఎవరు చెబుతారు?