టైమింగ్ బెల్ట్ టెన్షనర్ విప్పే ముందు

టైమింగ్ బెల్ట్ అంటే ఇంజన్‌లో క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసు), క్యామ్‌ను (వాల్వులు తెరిచే ఇరుసు) కలిపి తిప్పే పళ్ల బెల్ట్; దాన్ని బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. కొన్ని బండ్లలో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, కాబట్టి ముందు మీ బండిలో ఉన్నది బెల్టో చైనో చూసుకోండి. పాత శాంత్రోలో బెల్ట్, స్విఫ్ట్ కె-సిరీస్ పెట్రోల్‌లో చైన్. ఇక్కడ చెప్పేది బెల్ట్ సంగతి.

– ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, తాళం జేబులో వేసుకోండి.

– జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి, స్టాండ్లు పెట్టండి. చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం వేయండి, ఇటుకలైతే పగులుతాయి. ఇంజన్ మౌంట్ విప్పాల్సి వస్తే ఆయిల్ చాంబర్ కింద చెక్కముక్క పెట్టి ఇంకో జాకీతో ఆనించాలి.

– అసలు భయం టైమింగ్ గుర్తుల దగ్గరే, అంటే క్యామ్, క్రాంక్ చక్రాల మీద ఉండే గుర్తుల దగ్గరే. ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కుకే తిప్పి, క్యామ్ గుర్తు, క్రాంక్ గుర్తు రెండూ వాటి స్థానాల్లోకి వచ్చాక ఫోటో తీసుకుని తెల్ల పెయింట్ చుక్కలు కూడా పెట్టండి, ఎందుకంటే ఈ గుర్తులు బాగా తప్పితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి. బెల్ట్ తీశాక ఆ రెండింటినీ కదపొద్దు.

– కొత్త టెన్షనర్‌కు పాత బెల్ట్ వేయడం వట్టి పీనాసితనం, మళ్లీ ఇంత విప్పాలి కదా! పనిలో పనిగా ఆయిల్ సీళ్లు కారుతున్నాయేమో చూడండి.

– బోల్టు బిగింపు అంకె మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా) దగ్గర పెట్టుకోండి.

– బిగించాక చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడాలి. మధ్యలో గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయకండి, సెల్ఫ్ అస్సలు కొట్టకండి.