ఒమేగా-3 సీసా కొనే ముందు లేబుల్ చదవండి
చెన్నైలో మందుల షాపులో పిల్లలకి ఒమేగా-3 అడిగితే ఎక్కువగా చేప నూనెదే ఇస్తారు. మీ బిడ్డకి చేప పడదా? ఆల్గే (నాచు) నూనెతో చేసిన డీహెచ్ఏ (ఒక రకం ఒమేగా-3) ఉందేమో అడగండి. చేపలకి కూడా అది ఆ నాచు నుంచే వస్తుంది. అవిసె నూనె మంచిదే కానీ, అందులోని ఏఎల్ఏ అనే మరో రకం ఒమేగా-3 ఒంట్లో డీహెచ్ఏగా మారేది చాలా తక్కువ.

అలర్జీ ఉన్న పిల్లల విషయంలో అసలు నూనె కంటే మిగతా దినుసుల దగ్గరే నాకు టెన్షన్. సోయా లెసిథిన్, జెలటిన్, రంగులు, ఫ్లేవర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఓపిగ్గా చదవండి. పచ్చ చుక్క ఉన్నంత మాత్రాన సోయా, పాలు లేవని కాదు. కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్ ఎ, డి కూడా ఉంటాయి, కాబట్టి డోసు పిల్లల డాక్టర్‌నే అడగండి. ముక్కిన వాసన వస్తే పారేయండి.