ఏసీ వేస్తే ఎంసీబీ పడిపోతోందా? గ్యాస్ సంగతి తర్వాత, ముందు బోర్డు మూత తీయించండి

రోహిణి కార్తె వచ్చిందంటే బెజవాడలో నాకు రోజూ వచ్చే ఫోను ఒకటే: "ఏసీ వేస్తే ఎంసీబీ పడిపోతోందండీ, గ్యాస్ అయిపోయిందేమో ఒకసారి చూస్తారా?" ఎంసీబీ అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి లైను ఆపేసే స్విచ్చి. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ లాగే కరెంటు కూడా మామూలుగా తగ్గుతుందే గానీ పెరగదు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా, నేను వెళ్లేసరికి ఎవరో ఒకరు గ్యాస్ పట్టేసి డబ్బులు తీసుకుని వెళ్లిపోయి ఉంటారు, ఎంసీబీ మాత్రం మళ్లీ పడుతూనే ఉంటుంది.

నేను ముందు అడిగేది ఏసీ కంపెనీ కాదు, ఎన్నేళ్లయింది అనీ కాదు. వేసిన ఎంతసేపటికి పడుతోంది? సగం జవాబు అందులోనే ఉంటుంది.

వేసీ వేయగానే టక్కున పడితే ఎక్కడో షార్టే. ఏసీ ప్లగ్ పీకేసి ఎంసీబీ ఎత్తి చూడండి. అప్పుడూ పడితే తప్పు గోడలోని వైరింగులో ఉంది, నిలబడితే ఏసీలో ఉంది. అవుట్‌డోర్ యూనిట్లో ఎలుక కొరికిన వైరు, సర్క్యూట్ బోర్డు మీద మాడి అతుక్కుపోయిన బల్లి నాకు తరచూ కనిపించేవి. కంప్రెసర్ వైండింగే పోవడం అరుదు, మెగ్గర్ (ఇన్సులేషన్ దెబ్బతిందేమో కొలిచే మీటరు) పెట్టి చూపించకుండా ఎవరైనా "కంప్రెసర్ పోయింది" అంటే నమ్మొద్దు.

ఇండోర్ ఫ్యాన్ చక్కగా తిరిగి, కాసేపటికి బయట కంప్రెసర్ ఎత్తుకోబోయి "హూం" అని మూలిగి పడితే, పాత నాన్ ఇన్వర్టర్ ఏసీల్లో అది కంప్రెసర్ ఎత్తుకోవడానికి ఊతమిచ్చే కెపాసిటరో, తక్కువ వోల్టేజీయో. కెపాసిటర్ మీద రాసి ఉన్న మైక్రోఫారడ్ల కంటే మీటర్లో పది శాతానికి మించి తక్కువ చూపిస్తే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. పగలంతా బాగానే ఆడి, రాత్రి వీధిలో అందరూ ఏసీలు వేసుకున్నాకే పడుతుంటే వోల్టేజీ చూసుకోండి, 180కి దిగితే కంప్రెసర్ లేవడానికి గింజుకుంటుంది. ఆపిన వెంటనే మళ్లీ వేసే అలవాటు ఉంటే అదొకటి, మూడు నిమిషాలు ఆగండి.

వాన పడినప్పుడు మాత్రమే పోతుంటే, పడేది ఎంసీబీ కాకపోవచ్చు. టెస్ట్ అని చిన్న బటన్ ఉంటే అది ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే పడే స్విచ్చి, ఇళ్లలో ఎక్కువగా 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. ఎక్కడో తడి తగిలి ఎర్త్‌కి లీకవుతోంది. దాన్ని బైపాస్ చేయించుకోకండి, అది ప్రాణం కాపాడే వస్తువు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఏసీ శుభ్రంగా ఆడుతుంది, గది చల్లబడుతుంది, ఇరవై నిమిషాలకో ముప్పావుగంటకో పడిపోతుంది. కాసేపాగి ఎత్తితే నిలబడుతుంది, ఈసారి ఇంకా తొందరగా పడుతుంది.

ఈ లక్షణంతో నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. పటమటలో రెండో అంతస్తు ఫ్లాటు, 1.5 టన్ను ఏసీ. అవుట్‌డోర్ కాయిల్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటే కడిగాను, కెపాసిటర్ మార్చాను, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే 8 ఆంపియర్ల లోపే. ఎంసీబీ 16ది. సగం కరెంటుకే ఎందుకు పడుతుందో అర్థం కాక, పరువు పోతుందని "ఏసీ పాతదైపోయిందండీ" అనేసి వచ్చాను. వాళ్లు పాపం కొత్త ఏసీ బేరం కూడా మొదలుపెట్టారు. ఆ ఇంటావిడ మాటల్లో మాటగా అన్నారు: "రోజూ రాత్రి పదింటికి పక్కవాళ్లు ఎండుచేపలు వేయిస్తారు బాబూ, తలుపులు వేసుకున్నా వాసన ఆగదు." పక్కవాళ్లు చేప ముట్టరని తర్వాత తెలిసింది. ఆ వాసన హాల్లో, తలుపు వెనకాల, ఎంసీబీలన్నీ ఉండే డీబీ బాక్సులోంచి వస్తోంది. వేడెక్కి మాడుతున్న ప్లాస్టిక్కు అచ్చం అలాంటి నీచు వాసనే ఉంటుంది. మూత తీస్తే ఏసీ ఎంసీబీ కింది వైపు గోధుమరంగు తిరిగిపోయి, వైరు తొడుగు అంగుళం మేర నల్లగా పెళుసై ఉంది.

ఎంసీబీ లోపల వేడికి వంగే ఒక లోహపు పట్టీ ఉంటుంది. కరెంటు ఎక్కువై వేడెక్కినా, స్క్రూ దగ్గర వైరు వదులై వేడెక్కినా ఆ పట్టీకి తేడా తెలియదు. వదులు జాయింటు దగ్గర 0.2 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి, 8 ఆంపియర్లకి 12 వాట్లు దాటుతుంది, అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో సగం అగ్గిపెట్టెంత వస్తువులో కూర్చున్నట్టు. పైగా ఎంసీబీ మీద రాసే అంకె 30 డిగ్రీల వాతావరణానికి లెక్క. పడమటి గోడకున్న డీబీలో మే నెల ఎండకి 50 అయితే ఆ 16లోంచి రెండు ఆంపియర్ల దాకా తగ్గొచ్చు.

"స్క్రూ బిగించి చూశానండీ, గట్టిగానే ఉంది" అంటారు. ఇక్కడే మోసం. టెర్మినల్లో స్క్రూ తిప్పితే పైకి లేచే చిన్న పెట్టె ఉంటుంది, వైరు ఆ పెట్టెలోకి వెళ్లాలి. తొందరలో పెట్టెకి వెనకవైపు దూరిపోతుంది. స్క్రూ బిగుసుకుంటుంది, వైరు మాత్రం ఊరికే తగులుతూ ఉంటుంది. కొన్నిచోట్ల స్క్రూ రాగిని వదిలి ప్లాస్టిక్ తొడుగునే పట్టుకుంటుంది. ఎంసీబీ కొత్తది వేసినా వైరు అలాగే దూర్చితే రెండు నెలలకి మళ్లీ ఇదే కథ. అందుకే స్క్రూని కాదు, వైరుని లాగి చూడాలి.

తెలుసుకోవడం తేలిక. ఏసీ అరగంట ఆడాక పొడి చేత్తో ఎంసీబీ ముందు ప్లాస్టిక్ మీద వేలు ఆనించండి, పక్కవాటినీ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. వేలు ఉంచలేకపోతే దొంగ దొరికినట్టే, వెంటనే ఏసీ ఆపేయండి. క్లాంప్ మీటర్ ఉన్నవాళ్లు ఆంపియర్లు చూడండి, 10 లోపే ఉండి 16 ఎంసీబీ పడుతుంటే ఇక ఏసీ జోలికి వెళ్లొద్దు.

బాగు చేసేటప్పుడు ఏసీ ఎంసీబీ ఒక్కటే దించితే సరిపోదు, దాని పై టెర్మినల్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. మీటరు దగ్గర మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పక్కన నిలబడండి. నల్లబడిన వైరు ముక్క కోసేసి, మెరిసే రాగి వచ్చేదాకా తొడుగు తీసి, పోగుల వైరైతే కొనకి పిన్ను లగ్గు (పోగులన్నీ కలిపి పట్టే చిన్న లోహపు తొడుగు) నొక్కి పెట్టించండి. మాడిన ఎంసీబీని మళ్లీ వాడొద్దు, దాని క్లాంపు పట్టు పోయి ఉంటుంది. కిందే కాదు, పై టెర్మినల్ కూడా, న్యూట్రల్ వైర్లన్నీ కలిసే న్యూట్రల్ లింకు కూడా చూడమనండి, ఆ లింకులో వదులుంటే ఎంసీబీ ట్రిప్పు కూడా అవదు, ఊరికే కాలుతుంది. ప్లగ్ టాప్ వేడెక్కినా అంతే.

ఎవరైనా "32 వేసేద్దాం, ఇక పడదు" అంటే వద్దనండి. నిజమే, పడదు. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరు కోసం, చాలా ఇళ్లలో అది 2.5 చదరపు మిల్లీమీటర్లదే, 32 వేశాక ముందు కాలేది ఆ వైరు.

పటమట వాళ్లకి ఒక ఎంసీబీ, రెండు లగ్గులు వేశాను. కూలి అడగడానికి నాకు మొహం చెల్లలేదు, ఆవిడే కాఫీ ఇచ్చి, "అయితే ఆ చేపలు మనింట్లోవేనా?" అన్నారు.