షుగర్ ఉన్నవారు పాదాలను ఎలా కాపాడుకోవాలి?

గోదావరి డెల్టాలో ఊడ్పులకు దిగేవారికి, రొయ్యల చెరువు గట్ల మీద తిరిగేవారికి చెప్పుల్లేకుండా నడవడం అలవాటు. షుగర్ చాలాకాలం అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. అప్పుడు నత్తగుల్ల గీరుకున్నా, వరి కొయ్యకాలు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేదు కదా అని వదిలేసిన పుండే ముదిరి, కాలు తీసేసే దాకా వెళ్తుంది. నొప్పి చెప్పదు కాబట్టి కళ్లతోనే వెతకాలి.

1. రోజూ పడుకునే ముందు పాదాలు చూసుకోండి. నేల మీద అద్దం పెట్టుకుంటే అరికాలు కనిపిస్తుంది. చూపు ఆనకపోతే మనవళ్లను పిలవండి, వాళ్ల కళ్లు చురుకు. వేళ్ల సందుల్లో, మడమల దగ్గర ఎరుపు, బొబ్బ, పగులు, వాపు ఉన్నాయేమో చూడమనండి.

2. గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవండి. నీటి వేడిని పాదంతో కాదు, మోచేతితో చూడాలి. అరికాళ్లకు కొబ్బరినూనె రాయవచ్చు (కోనసీమలో దానికేం కొరత!). వేళ్ల సందుల్లో మాత్రం వద్దు.

3. బురదలో చెప్పులు నిలవవన్నది నిజమే. చేలోకి రబ్బరు బూట్లు వేసుకోండి, తొడిగే ముందు లోపల రాయో ముల్లో ఉందేమో విదిలించండి. ఇంట్లోనూ చెప్పులు ఉండాలి. స్పర్శ తగ్గినవారు వెనుక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు అట్ట వేసిన) చెప్పులు తీసుకోవడం మేలు. కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

4. ఆనెలను బ్లేడుతో కోయకండి. కాపడం పెట్టకండి, కాలినా తెలియదు. పుండు మీద సున్నం, ఆకుపసరు వద్దేవద్దు. చుట్ట, బీడీ మానాలి. పొగ కాళ్లకు రక్తం అందకుండా చేస్తుంది.

5. ఏడాదికోసారి డాక్టరుతో పాదాల స్పర్శ, నాడి పరీక్ష చేయించుకోండి. పరగడుపున షుగర్ 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలన్నది చాలామందికి లక్ష్యం. వయసును, ఇతర జబ్బులను బట్టి మీ లక్ష్యం ఎంతో డాక్టరే చెబుతారు.

6. పుండు పడితే శుభ్రమైన నీటితో కడిగి, పొడి గాజుగుడ్డ కట్టి, మర్నాటికల్లా డాక్టరుకు చూపించండి. చీము, దుర్వాసన, నలుపు, జ్వరం కనిపిస్తే కోతలున్నా, రొయ్యల పట్టుబడి ఉన్నా ఆ రోజే బయలుదేరాలి.